తాత ఎక్కిన ఓడ మీద మనుమల కలయిక

ఆస్ట్రేలియా దేశపు దక్షిణ తీరాన పోర్ట్ అడిలైడ్ అనే రేవుపట్నం ఉంది. ఆ రేవులో ఒక ముసలి తెరచాప ఓడ ఉంది. పేరు సిటీ ఆఫ్ అడిలైడ్. 1864లో ఇంగ్లండులోని సండర్లాండ్‌లో దాన్ని కట్టారు. లోపలి చట్రం ఇనుముది, పైపలక చెక్కది. 1864 నుంచి 1887 దాకా అది ఇంగ్లండుకూ దక్షిణ ఆస్ట్రేలియాకూ మధ్య 23 సార్లు పోయి వచ్చింది. పోయేటప్పుడు వలస కుటుంబాలను మోసుకుపోయేది, వచ్చేటప్పుడు ఉన్ని, రాగి తెచ్చేది. ఆ కుటుంబాల సంతతి ఈ రోజు రెండున్నర లక్షల మందికి తగ్గదని అక్కడివారి అంచనా.

ఆ సంతతివారు పిల్లాపాపలతో ఆ ఓడ దగ్గరికి వస్తుంటారు. ముత్తాత ఏ ప్రయాణంలో వచ్చాడో, ముత్తవ్వ అప్పటికి ఎన్నేళ్ల పిల్లో ప్రయాణికుల జాబితాలు చూసుకుంటారు. ఎన్నడూ ముఖం చూసుకోని దాయాదులు అక్కడ కలుసుకుంటారు. తమ పెద్దలు నెలల తరబడి ఉప్పుగాలి పీల్చుకుంటూ కూర్చున్న ఆ చెక్క మీద చేయి వేసి నిలబడతారు. చేతికి తగిలేది పాత చెక్కే. కాని అది తగలగానే తాము ఎవరి పిల్లలమో వాళ్లకు గుర్తుకు వస్తుంది.

ఆ ఓడ అక్కడికి చేరిన కథ కూడా వినదగినదే. చాలాకాలం అది కారిక్ అనే వేరే పేరుతో స్కాట్లండులో ఉండిపోయింది. 1991లో గ్లాస్గో నగరపు నదిలో మునిగింది. పైకి తీశాక ఇర్విన్ అనే ఊళ్లో ఒడ్డున పడేశారు. ఇక విప్పి పారేయడమే మేలని మాట కూడా నడిచింది. అప్పుడు అడిలైడ్‌వారు పట్టుబట్టి ఏళ్ల తరబడి తిరిగి డబ్బు కూడబెట్టారు. చివరకు ఒక పెద్ద భారవాహక నౌక మీద దాన్ని ఎక్కించి 2014 ఫిబ్రవరిలో తమ రేవుకు తెచ్చుకున్నారు. ఒకనాడు మనుషులను మోసిన ఓడను ఈసారి ఇంకొక ఓడ మోసింది. మోసిన నౌక పేరు పాలన్‌పూర్, మన గుజరాత్‌లోని ఊరి పేరు. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇదంతా చదివి, కామారెడ్డి వాళ్లకూ ఎల్లారెడ్డి వాళ్లకూ ఓడలతో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. మన దిక్కున సముద్రం లేదు. మనం చూసిన పెద్ద నీళ్లంటే 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లే. అయినా మన ముస్లిం ఇళ్లలో సముద్రం దాటిన మనిషి లేని ఇల్లు వెతికితే దొరకడం కష్టం. ఒక తరం హజ్ కోసం దాటింది, ఇంకొక తరం పొట్టకూటి కోసం దాటింది. దాటించిన ఓడ ఏదో మాత్రం మనకు గుర్తు లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య అన్న సామెత మనకు సరిగ్గా సరిపోతుంది.

మన నోట్లో ఉన్న ఓడ మాటలు

మనం మరచిపోయినా మన మాటలు ఓడను మరచిపోలేదు. తెలుగులో నావ అంటాం. ఫారసీలో కూడా పాత మాట నావ్. రెంటి వేరూ ఒకటే. ఆ నావ్‌కు యజమాని అనే అర్థమిచ్చే ఖుదా అన్న మాట చేరితే నాఖుదా అయింది, అంటే ఓడను నడిపించే పెద్ద. అరబ్బులు దానినే నోఖదా అంటారు. బందర్ అంటే ఫారసీలో రేవు. మచిలీపట్నాన్ని మనం బందరు అని పిలుస్తున్నామంటే సగం ఫారసీ మాట్లాడుతున్నట్టే. మౌసిమ్ అనే అరబీ మాట నుంచి ఉర్దూలో మౌసమ్ వచ్చింది, ఇంగ్లీషువారి మాన్సూన్ కూడా వచ్చింది. గాలి ఎటు వీస్తే అటు ఓడ కదిలే రోజుల్లో కాలం అంటే గాలే. కామారెడ్డి స్టేషనులో ఖలాసీ అని పిలిచే రైలు పనివాడి పేరు కూడా ముందు ఓడ పనివాడిదే. లంగర్ అంటే ఓడను ఆపే కొక్కెం. దర్గాల దగ్గర పదిమందికి పెట్టే అన్నాన్ని కూడా లంగర్ అనే అంటాం. ఒక చోట నిలబెట్టేది ఇనుము కావచ్చు, అన్నం కావచ్చు.

గోల్కొండ సుల్తానులకు బందరు రేవులో సొంత ఓడలు ఉండేవి. సన్నబట్టలు, అద్దకపు చీటీ గుడ్డలు వేసుకొని అవి ఏటా ఇరాన్ తీరానికి పోయి వచ్చేవి. ఎర్రసముద్రం దిక్కు పోయే ఓడలలో హజ్ యాత్రికులూ ఎక్కేవారు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో ఇరాన్ రేవు బందర్ అబ్బాస్‌లో గోల్కొండ పాదుషా ఓడ ఎక్కి మే నెలలో బయలుదేరాడు, జులై మొదట్లో మచిలీపట్నంలో దిగాడు. ఈనాడు ఆ ఓడల చెక్క ముక్క ఒక్కటి కూడా లేదు. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి రేవు ఉండేది. అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. పక్కనే ఉన్న తాళ్లరేవులో ఆ వడ్రంగం ఆ తరువాత కూడా బతికింది. మారిషస్ దీవిలో తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరు పడింది. ఓడ ఎక్కిన రేవు పేరే జాతి పేరయింది.

ఇద్దరి పేరూ ఫత్హుల్ ఖైర్

మన పిల్లలు పనిచేసే కువైట్‌కూ ఒమాన్‌కూ ఈ విషయంలో మనకు చెప్పదగిన కథ ఉంది.

కువైట్ ఈనాడు పెట్రోలు దేశం. కాని పెట్రోలు రాకముందు అది ఓడల దేశం. బస్రా తోటల ఖర్జూరం నింపుకొని, గాలివాటు చూసుకొని, కరాచీకి, బొంబాయికి, కాలికట్‌కు, ఇటు ఆఫ్రికా తీరానికి పోయేవారు. తిరిగి వచ్చేటప్పుడు కలప తెచ్చేవారు. మలబారు టేకు లేనిదే అక్కడ ఓడ లేదు. ఎండాకాలం వస్తే ముత్యాల కోసం మునిగేవారు. ముక్కుకు కొమ్ముతో చేసిన చిమటా పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని అడుగుకు దిగేవారు. చాలామంది నావికులు నాఖుదాకు బాకీపడి ఉండేవారు. తండ్రి బాకీ కొడుకు మీద పడిన ఇళ్లు కూడా ఉండేవి. మన వాళ్లు ఇప్పుడు ఏజెంటుకు అప్పుపడి పోతున్నట్టే, ఒకనాడు ఆ దేశపు మనిషి కూడా అప్పుతోనే ఓడ ఎక్కాడు. ఈ సంగతి మనం తెలుసుకోవాలి, ఆ దేశంవారు కూడా మరువకూడదు.

1938లో కువైట్‌లో రెండు పనులు జరిగాయి. బుర్గాన్ అనే చోట నేలలో పెట్రోలు పడింది. అదే ఏడు ఫత్హుల్ ఖైర్ అనే పెద్ద చెక్క ఓడను నీళ్లలోకి దించారు. ఆ పేరుకు మేలుకు తలుపు తెరవడం అని అర్థం చెప్పుకోవచ్చు. 1946లో పెట్రోలు ఎగుమతి మొదలయింది. ఆపైన కొన్నేళ్లలోనే తెరచాపల కాలం ముగిసింది. ఓడలను అమ్ముకున్నారు, కొన్నిటిని పొయ్యిలో పెట్టారు. జాతీయ మ్యూజియం ముందర నిలబెట్టిన అల్ ముహల్లబ్ అనే ఓడ 1990-91 ఇరాకీ ఆక్రమణ కాలంలో కాలిపోయింది. అప్పుడు కువైట్ వారికి కన్ను తెరుచుకుంది. పాతకాలపు సముద్రం ఓడలలో మిగిలింది ఏమిటని వెతికితే ఫత్హుల్ ఖైర్ దొరికింది. దాన్ని కొని, బాగుచేసి, సముద్రం ఒడ్డున ఉన్న సైన్సు కేంద్రంలో పెట్టుకున్నారు. ఏసీ గదుల్లో పుట్టిన పిల్లలను దాని ముందు నిలబెట్టి, మీ తాత పడుకున్నది ఈ చెక్క మీదే అని చూపిస్తున్నారు.

ఒమాన్‌లోని సూర్ పట్టణంలో కూడా అదే పేరుగల ఓడ ఒకటి ఉంది. 1951లో ఆ ఊరి వడ్రంగులే దాన్ని కట్టారు. చేతులు మారి మారి అది యెమెన్‌కు చేరింది. ఊరివాళ్లు చందాలు వేసుకొని 1993లో దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. తమ తాతలు కట్టింది పరాయి రేవులో కుళ్లిపోకూడదని ఊరు ఊరంతా అనుకున్నారు. మన ఊళ్లలో మసీదుకో మదరసాకో చందా వేయడం మనకు తెలుసు. ఒక ముసలి ఓడ కోసం చందా వేసిన ఊరు కూడా ఉందని మన మస్కట్ పిల్లలు సెలవు రోజున పోయి చూసి రావచ్చు.

కువైట్‌వారు ఇంకొక మంచి పని కూడా చేశారు. 1986 నుంచి ఎండాకాలంలో కుర్రవాళ్లను పాతకాలపు చెక్క ఓడల మీద ముత్యాల వేటకు పంపడం మొదలుపెట్టారు. మాజీ అమీర్ షేక్ జాబిర్ అల్ అహ్మద్ అందుకోసం ఓడలు ఇచ్చారు. బయలుదేరే రోజును దష్షా అంటారు, తిరిగి వచ్చే రోజును గుఫ్ఫాల్ అంటారు. ఆ రెండు రోజులూ తల్లులు, తండ్రులు, తాతలు, చెల్లెళ్లు ఒడ్డుకు వస్తారు. ముత్యాల వేటలో పెరిగిన ముసలివాళ్లు కుర్రవాళ్లకు తాడు ముడి వేయడం నేర్పారు. ముత్యాలు ఎన్ని దొరికాయన్నది అక్కడ పెద్ద లెక్క కాదు. తాత చేసిన పని మనుమడి చేతికి ఒకసారైనా తగిలిందా అన్నదే లెక్క.

రక్తం లేని చోట ఓడే బంధువు

ఇంతవరకు చెప్పింది ఓడ మిగిలినవారి మాట. ఓడ మిగలనివారి మాట వేరు.

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరింది. నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. చెరకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా పోయినవారు వాళ్లు. తెలుగువారు, తమిళులు, హిందువులు, క్రైస్తవులు, కొద్దిమంది ముస్లింలు అందరూ ఒకే అరలో పడుకున్నారు. 1911 దాకా ఆ ఒక్క నటాల్‌కే లక్షన్నర మందికి పైగా పోయారు. మారిషస్‌కు 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది పోయారు. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు అరవై వేల పైచిలుకు మంది పోయారు. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా నడవడంతో తెలుగువారు ఫిజీలో దిగారు.

ఆ ఓడల మీద ఒక కొత్త చుట్టరికం పుట్టింది. దాని పేరు జహాజీ భాయ్. మారిషస్‌లో, ఫిజీలో, ట్రినిడాడ్‌లో, గయానాలో ఈ మాట నిలిచింది. ఒకే జహాజు మీద వచ్చినవారు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఊరు వేరు, కులం వేరు, మతం వేరు, భాష కూడా వేరు. అయినా ఒకరి కష్టానికి ఒకరు నిలబడ్డారు. తమ పిల్లల మధ్య పెళ్లి సంబంధం కలపడానికి కూడా సంకోచించేవారు, తోబుట్టువుల బిడ్డలు కదా అని. రక్తసంబంధం ఊళ్లో ఉండిపోయింది, ఓడ సంబంధం దాని చోట కూర్చుంది.

ఇక్కడ హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) గారి ఓడ గుర్తుకు రాక మానదు. ఆయన కొడుకు ఆ ఓడ ఎక్కలేదు. కొండ మీదికి పోయి బతుకుతానన్నాడు, అల వచ్చి తీసుకుపోయింది. ఏ చుట్టరికమూ లేని విశ్వాసులు మాత్రం ఓడలో ఒడ్డుకు చేరారు. పుట్టుకతో వచ్చింది ఒక్కటే కుటుంబాన్ని నిలబెట్టదు, కలిసి ఎక్కి కలిసి భరించినవారే కుటుంబం అవుతారని ఆ గాథ మనకు చెబుతోంది. జహాజీ భాయ్ అన్నవారు ఆ గాథ చదివినవారు కాకపోవచ్చు, అందరూ మన మతంవారూ కాదు. కాని దాని భావం వాళ్ల బతుకులోకి వచ్చింది.

ట్రూరో ఈనాడు లేదు. వాళ్ల మనుమలు ఎక్కి నిలబడడానికి చెక్క లేదు. వాళ్లకు మిగిలింది కాగితం. దొరలు తమ లెక్క కోసం రాసిన రిజిస్టర్లు అవి. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చ, ఎత్తు అన్నీ రాశారు. పశువుల సంతలో రాసినట్టు రాశారు అనిపిస్తుంది. మారిషస్‌లో 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. ఆ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. అవమానం కోసం రాసిన ఆ వరుసే నూట యాభై ఏళ్ల తరువాత మనుమడి చేతిలో గౌరవ పత్రం అయింది. ఆ వరుస పట్టుకొని విశాఖ జిల్లాకో గోదావరి జిల్లాకో వచ్చి, మా ముత్తాత ఊరు ఇదేనా అని అడిగినవారున్నారు. కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవు మెట్లు ఆప్రవాసీ ఘాట్ అనే పేరుతో 2006లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరాయి. ఏటా నవంబరు 2న అక్కడ, మే 14న ఫిజీలో, నవంబరు 16న డర్బన్‌లో ఆ సంతతి కూడుకుంటుంది. ఓడ లేకపోయినా తేదీ ఉంది. తేదీయే వాళ్ల ఓడ.

కామారెడ్డి నుంచి బొంబాయి దాకా

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన పెద్దలు హజ్‌కు ఎట్లా పోయారు? ఎల్లారెడ్డి మనిషి అయితే కామారెడ్డి దాకా వచ్చేవాడు. ఇక్కడ నిజాం కాలపు గోదావరి లోయ రైలు ఎక్కేవాడు. మీటరుగేజీ రోజుల్లో మన్మాడ్‌లో బండి మారేవాడు. బొంబాయిలో సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో దిగేవాడు. టీకాలు, పిల్‌గ్రిం పాసు, సామాను లెక్క అన్నీ అయ్యాక రేవులో ఓడ ఎక్కేవాడు. వారం పది రోజులకు జిద్దా. మక్కాలో హైదరాబాదు రియాసత్ వాళ్లకు రుబాత్ ఉండేది కనుక తల దాచుకోవడానికి చోటు ఉండేది.

1877లో మొదలయిన కంపెనీ ఒకటి తరువాత మొఘల్ లైన్ అనే పేరుతో ఎన్నో ఏళ్లు ఈ హాజీలను మోసింది. ఇస్లామీ, మొహమ్మదీ, ముజఫ్ఫరీ, అక్బర్ అని ఆ ఓడలకు పేర్లు. 1986లో ఆ కంపెనీ ప్రభుత్వ షిప్పింగ్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. 1995తో హజ్ ఓడలే ఆగిపోయాయి. అంటే చివరి ఓడ ఎక్కిన హాజీకి అప్పుడు నలభై ఏళ్లు ఉన్నా, ఇప్పుడు డెబ్బై దాటాయి. అంతకు ముందు పోయినవారిలో ఎంతమంది మిగిలారో మీ మహల్లాలో మీరే లెక్క పెట్టుకోండి.

గల్ఫ్ కథ కూడా ఓడతోనే మొదలయింది. బొంబాయి నుంచి మస్కట్, దుబాయ్, బహ్రెయిన్, కువైట్ రేవులకు ద్వారకా అనే ఓడ నడిచేది. మొదటి తరం కూలీలూ మేస్త్రీలూ దాని డెక్కు మీద చాప పరుచుకొని పోయారు. 1982లో ఆ ఓడను ఆపేశారు, అదే ఏడు విప్పి ముక్కలు చేశారు. తరువాత అంతా విమానమే. విమానం మీద జహాజీ భాయ్ పుట్టడు. పక్క సీటువాడి పేరు అడగకముందే దిగే వేళ అవుతుంది.

మా బడిలో ఒకసారి పిల్లలను వరుసగా అడిగాను. మీ అబ్బాజాన్ ఎక్కడున్నారు? దుబాయ్, దమ్మామ్, మస్కట్ అని టకటకా చెప్పారు. దాదా పేరు? చెప్పారు. దాదా తండ్రి పేరు? సగం మంది ఆగిపోయారు. దాదీ పేరు? దాదీ అనే అన్నారు. దాదీకి ఇంకొక పేరు ఉంటుందని వాళ్లకు ఎన్నడూ తోచలేదు. తప్పు పిల్లలది కాదు. ఇంట్లో ఎవరూ ఆ పేరు పిలవలేదు, ఎవరూ రాయలేదు.

షజరాలో లేని పేర్లు

మన ఖాన్‌దాన్‌లలో షజరా రాసుకునే అలవాటు ఉంది. కొందరి ఇళ్లలో పది తరాల షజరా గోడకు వేలాడుతుంది. దగ్గరికి పోయి చూడండి. చాలావాటిలో ఫలానా బిన్ ఫలానా, అన్నీ మగవారి పేర్లే. కూతుళ్లు లేరు, ఫూఫీలు లేరు, నానీలు లేరు. చెట్టుకు సగం కొమ్మలు నరికి దాన్నే వంశవృక్షం అంటున్నాం. తెల్లదొర కూలీల రిజిస్టరులో ఆడకూలీ పేరు రాశాడు, ఆమె తండ్రి పేరు రాశాడు, ఊరు రాశాడు. మనం మన దాదీ పేరు రాయలేదు. ఇది ఆలోచించవలసిన విషయం కాదా?

పేరు రాయకపోతే పోయేది జ్ఞాపకం ఒక్కటే కాదు. మన షరీఅత్‌లో వారసత్వపు వాటాలు ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిస్తేనే తేలుతాయి. కూతురికి వాటా ఉంది, తల్లికి ఉంది, కొన్ని సందర్భాలలో అక్కచెల్లెళ్లకు ఉంది. షజరాలో పేరే లేని ఫూఫీకి పొలంలో వాటా ఎవరు అడుగుతారు? పేరు తుడిచినవాడు వాటాను కూడా తుడిచాడు. తెలియక తుడిచాడా, తెలిసి తుడిచాడా అన్నది వేరే మాట. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడి సంతకం లేకుండా ఇంటి కాగితం మారిపోవడం, ఇచ్చిపుచ్చుకోవడాల్లో పేచీ వచ్చి అన్నదమ్ములు జనాజాలో కూడా దూరంగా నిలబడడం మనం చూడనిది కాదు. సిలహ్ రహమీ, అంటే బంధుత్వాన్ని కలిపి ఉంచడం, మన ధర్మంలో ఎంత పెద్ద విధి అన్నది ఏ జుమా ఖుత్బాలోనైనా వింటాం. బంధువు ఎవరో తెలియనివాడు బంధుత్వం ఎట్లా కలుపుతాడు?

అడిలైడ్‌వారి కలయికలోని గొప్ప అంతా ఇక్కడే ఉంది. ప్రయాణికుల జాబితాలో భర్త పక్కన భార్య పేరు ఉంటుంది, పిల్లల పేర్లు ఉంటాయి. కనుక కూతురి సంతతి కూడా కొడుకు సంతతితో సమానంగా ఆ ఓడ మెట్లు ఎక్కుతుంది. ఇంటిపేరు మారిపోయినవారు కూడా ఆ చెక్క మీద మాకూ హక్కు ఉంది అని నిలబడతారు.

ఓడ లేనివారు చేయదగినది

ఓడ తెచ్చి కామారెడ్డిలో నిలబెట్టమని ఎవరూ అనరు. మనం చేయగలిగింది చిన్న పని. ఖర్చు లేని పని.

మొదటిది, ఇంట్లో ఉన్న ముసలివారిని కూర్చోబెట్టి అడగండి. ఏ ఏడు హజ్‌కు పోయారు, ఏ ఓడ, వెంట ఎవరు ఉన్నారు, ఓడలో ఎవరు చనిపోయారు, ఎవరు పుట్టారు, తిరుగు ప్రయాణంలో ఏం తెచ్చారు. ఈ రోజుల్లో ప్రతి జేబులో ఫోను ఉంది, మాట రికార్డు చేయడానికి ఒక వేలు చాలు. ఒకప్పుడు గల్ఫ్ నుంచి క్యాసెట్‌లో గొంతు నింపి పంపేవారు, ఇంటిల్లిపాదీ టేపురికార్డరు చుట్టూ చేరి ఏడుస్తూ వినేవారు. ఆ క్యాసెట్లు ఎవరి సందుగలోనైనా ఉంటే ఫంగస్ పట్టకముందే వినండి, దాచండి.

రెండవది, కాగితం. పాత పిల్‌గ్రిం పాసు, మొదటి పాస్‌పోర్టు, బొంబాయి నుంచి రాసిన ఉర్దూ ఉత్తరం, డ్రాఫ్టు రసీదు, ఏదీ చిత్తు కాదు. పిల్లలకు ఉర్దూ చదవడం రాదని చాలామంది తాత ఉత్తరాలను కట్టగట్టి అమ్మేశారు. చదవడం రాకపోతే చదవగలవారి దగ్గరికి తీసుకుపోండి. ప్రతి ఊరి మసీదులోనూ ఒక్కరైనా ఉంటారు.

మూడవది, షజరాను మళ్లీ రాయండి. ఈసారి ఆడవారి పేర్లతో రాయండి. దాదీ పేరు, నానీ పేరు, ఫూఫీ, ఖాలా, వాళ్లను ఇచ్చిన ఊరు, వాళ్ల బిడ్డలు. ఒకటి ఉర్దూలో, ఒకటి తెలుగులో రాయండి. ఎందుకంటే రేపటి మనుమడు ఏది చదువుతాడో మనకు తెలియదు.

నాలుగవది, ఒక రోజు. ఫిజీవారికి మే 14 ఉన్నట్టు ప్రతి ఖాన్‌దాన్‌కు ఒక రోజు ఉండాలి. పండుగకు గల్ఫ్ పిల్లలు సెలవు మీద వచ్చినప్పుడు అందరూ ఒక చోట కూడండి. పెద్ద ఇల్లు లేకపోతే నిజాంసాగర్ కట్ట ఉంది, నీళ్లూ ఉన్నాయి, చెట్ల నీడా ఉంది. మాట్లాడుకోని అన్నదమ్ములను కూడా పిలవండి. ముందు వాళ్లనే పిలవండి. దావత్ పెద్దగా అక్కర్లేదు, ఒక డేగ్ చాలు. తిన్నాక షజరా పరిచి, పిల్లల చేత వాళ్ల వాళ్ల పేర్లు వాళ్లనే రాయించండి.

సూర్ ఊరివాళ్లు చందా వేసి ఓడను వెనక్కి తెచ్చుకున్నారు, మనం అడిగి మన పేర్లను వెనక్కి తెచ్చుకోవాలి. చెక్కకు చందా వేస్తే వస్తుంది. ముసలివారి నోట్లో ఉన్న పేరు మాత్రం వారితోపాటే ఖబరస్తాన్‌కు పోతుంది. ఈ రోజు జుమా. నమాజు తరువాత సఫ్‌లో మీ పక్కన కూర్చున్న ముసలి హాజీ సాబ్‌కు సలాం చెప్పి, మీరు పోయిన జహాజు పేరు ఏమిటి చాచా అని ఒక్క మాట అడగండి. ఆయన చెబుతారు. చాలాకాలంగా ఎవరూ అడగలేదు కనుక కాస్త ఎక్కువసేపే చెబుతారు. వినండి, రాసుకోండి.